థేమ్స్ ఒడ్డున దొరికే మధ్యయుగపు కత్తి ముక్కలు: గుర్తుపట్టడం, కాపాడడం ఎలా?

థేమ్స్ ఒడ్డున వెతకడానికి వెళ్ళేవాళ్ళలో చాలామంది మనసులో ఒక నిండు కత్తి ఉంటుంది. అలాంటివి అసలు దొరకలేదని కాదు. 1857లో బాటర్సీ దగ్గర ఒక కూలీకి దొరికిన పదో శతాబ్దపు పొడవాటి కత్తి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని అలుగు మీద, అంటే కోసే రేకు మీద, పాతకాలపు ఇంగ్లీషువాళ్ళ రూన్ లిపి అక్షరమాల మొత్తం పొదిగి ఉంటుంది. కానీ మీకూ నాకూ దొరికేది బొటనవేలంత ఇత్తడి రేకో, గులకరాళ్ళు అతుక్కుపోయిన తుప్పు ఉండో. అది ఒర కొనకు తొడిగిన ముక్క కావచ్చు, పిడి చివరి గుబ్బ కావచ్చు, బాకు పిడిలో బిగించిన బిళ్ళ కావచ్చు. గొడుగు ముక్కేలే అని వదిలేస్తే రెండు గంటల్లో పోటు నీళ్ళు వచ్చి దాన్ని మళ్ళీ కప్పేస్తాయి.

లండన్‌లో ఉంటున్న, చదువుకు వచ్చి ఏడాదో రెండేళ్ళో గడుపుతున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ముక్క చేతికి రాగానే నగిషీ చూడకండి, అతుకు చూడండి. ఇవన్నీ ఒకదాన్ని ఇంకోదానికి బిగించడానికి చేసినవి. దేన్ని దేనికి బిగించారో రంధ్రం, మడత, రివెట్ చెప్తాయి.

పేర్లు తెలుసుకోండి

రోకలి చివర ఇనుప పొన్ను ఉంటుంది కదా, కర్ర చీలకుండా? కత్తి ఒర కొనకూ అలాంటి పొన్నే తొడిగేవారు, మొన తోలును చీల్చుకుని బయటికి రాకుండా. ఇంగ్లీషువాళ్ళు దాన్ని చేప్ అంటారు. నాకు మన పొన్ను అనే మాటే ఎక్కువ నచ్చుతుంది, వస్తువు పని మొత్తం ఆ మాటలోనే ఉంది. కత్తి అలుగు పైభాగం సన్నబడి తోకలా పిడిలోకి దూరుతుంది. ఆ తోక పిడిని దాటి బయటికి వచ్చే చోట ఉండే బరువైన గుబ్బ పమ్మెల్. పిడికీ అలుగుకూ మధ్య చేతికి రక్షణగా అడ్డంగా ఉండేది అడ్డకమ్మి. ఈ మూడూ, వాటికి తోడు బాకు బిళ్ళలూ తెలిస్తే చాలు.

ఇవి ఇన్ని ఎందుకు దొరుకుతాయంటే, అప్పట్లో కత్తి ఒక్క మనిషి చేసేది కాదు. అలుగు కొట్టేవాళ్ళు వేరు, పిడి వేసేవాళ్ళు వేరు, ఒర కుట్టేవాళ్ళు వేరు. కట్లర్ అనే వ్యాపారి వాటిని కూర్చి అమ్మేవాడు. లండన్ కట్లర్ల సంఘానికి 1416లో ఐదో హెన్రీ రాజు చార్టర్ (హక్కుల పత్రం) ఇచ్చాడు. యుద్ధానికి పోయేవాళ్ళే కాదు, మామూలు జనం కూడా నడుముకు బాకు కట్టుకునేవారు. రాత్రి గంట మోగాక కత్తి, చిన్న డాలు పట్టుకుని వీధుల్లో తిరగకూడదని 1285లో లండన్ నగరానికి ప్రత్యేకంగా శాసనం చేయాల్సి వచ్చిందంటే ఆ అలవాటు ఎంతలా ఉండేదో ఊహించండి. తోలు అరిగితే పొన్ను ఊడుతుంది. పడవ ఎక్కేటప్పుడు ఊడితే నదిలోనే పడుతుంది. దానికి తోడు పన్నెండో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం దాకా లండన్‌వాళ్ళు నది అంచున కొయ్య గోడలు కట్టి, వెనక ఊరి చెత్త పోసి గట్టును ముందుకు జరుపుకుంటూ పోయారు. ఆ చెత్త ఇప్పుడు కోసుకుపోయి ఒడ్డు మీదికి వస్తోంది.

అనుమతి లేకుండా మెట్లు దిగకండి

ఆటు సమయంలో బయటపడే ఈ ఒడ్డులో ఎక్కువ భాగం నది రేవును చూసే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీది, రాజపీఠం పేరిట ఉన్న ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేట్‌ది. తవ్వకపోయినా సరే, కళ్ళతో వెతకడానికి కూడా అథారిటీ పర్మిట్ కావాలి. 2022 నవంబరులో కొత్త దరఖాస్తులు ఆపేశారు, ఆ తర్వాత వెయిటింగ్ లిస్ట్ పద్ధతిలో మళ్ళీ తెరిచారు. కాబట్టి ఇప్పుడు పేర్లు తీసుకుంటున్నారో లేదో అథారిటీ వెబ్‌సైట్‌లో చూసి నమోదు చేసుకోండి, ఓపిక పట్టండి. పర్మిట్ వచ్చాక కూడా కొన్ని చోట్లు నిషిద్ధం. క్వీన్‌హైత్ పాత రేవు రక్షిత స్థలం. టవర్ ఆఫ్ లండన్ ముందు, పార్లమెంటు ముందు కూడా కుదరదు. పర్మిట్‌తో వచ్చే మ్యాప్‌లో ఇవన్నీ ఉంటాయి, ఫోన్‌లో దాచుకోండి. ఎంత లోతు వరకు గీకవచ్చో కూడా అందులోనే రాసి ఉంటుంది. నా సలహా అడిగితే అసలు తవ్వకండి. నది రోజూ తానే తవ్వి పెడుతుంది.

ఆటుపోట్ల లెక్క

మధ్య లండన్‌లో ఆటుకూ పోటుకూ మధ్య నీటి మట్టం తేడా 7 మీటర్ల దాకా ఉంటుంది. రెండంతస్తుల ఇల్లు మునిగేంత ఎత్తు అది. పోర్ట్ అథారిటీ ప్రచురించే పట్టికలో ఆ రోజు ఆటు ఎప్పుడో చూసి, అంతకు రెండు గంటల ముందు దిగండి. నీళ్ళు వెనక్కి తిరగడం మొదలవగానే, ఎంత మంచి ముక్క కంటపడినా సరే, పైకి వచ్చే దారి పట్టండి. దిగిన మెట్లు కాకుండా ఇంకో మెట్లు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి. ఒంటరిగా వెళ్ళకండి. ప్రమాదం వస్తే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి.

చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ప్రమాదం ఈ నీళ్ళలో ఉంది. గాయం ఉంటే ప్లాస్టర్ వేసుకోండి, ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కునే దాకా ఏమీ తినకండి. తర్వాత జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే నది ఒడ్డుకు వెళ్ళిన సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ఎక్కడ, ఎలా చూడాలి

ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని ఒక చదరపు మీటరు నేలను పది నిమిషాలు చూడండి. నడుస్తూ వెతికేవాళ్ళకు కుండపెంకులు కనిపిస్తాయి, కూర్చున్నవాళ్ళకు లోహం కనిపిస్తుంది. బరువైనవన్నీ అలల తాకిడికి ఒకచోట చేరతాయి. పాత మేకులు, సీసం ముక్కలు, గుండుసూదులు గుంపుగా కనిపిస్తే అక్కడ ఆగండి.

రంగు విషయంలో మన కళ్ళు మోసపోతాయి. పాత ఇత్తడి, కంచు అంటే పచ్చగా చిలుము పట్టి ఉంటుందని మనకు అలవాటు. థేమ్స్ బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి ఆరువందల ఏళ్ళ రేకు కూడా బంగారు రంగులో, నిన్న చేసినట్టు బయటికి రావచ్చు. మెరుస్తోంది కాబట్టి కొత్తది అనుకుని పారేయకండి.

ఇంకో సంగతి మనవాళ్ళకు ముఖ్యం. లండన్ హిందువులు చాలామంది థేమ్స్‌ను గంగగా తలచి చిన్న వినాయకులను, ఇత్తడి కుందులను, యంత్రాల రేకులను నదిలో వదులుతారు. అవి ఒడ్డున తరచూ కనిపిస్తాయి. చెక్కిన రేకు దొరికితే ముందు అది మన పూజ వస్తువేమో చూడండి. అదే అయితే దాన్ని అక్కడే ఉంచండి. ఎవరో మొక్కుకుని నదికి ఇచ్చినది, మన సంచిలో వేసుకునేది కాదు.

ఒర పొన్నును గుర్తుపట్టడం

ఎక్కువగా దొరికేది ఇదే, ఎక్కువగా పొరబడేదీ దీని దగ్గరే. ముందు నోటిని మీ వైపు తిప్పి, ఆ నోటి ఆకారం చూడండి. సన్నటి చేప ఆకారంలో, రెండు వైపులా కోసుగా ఉంటే రెండంచుల కత్తి ఒరది. ఒక వైపు మందంగా, ఇంకో వైపు సన్నగా ఉంటే ఒకే అంచున్న బాకుదో చాకుదో. గుండ్రంగా ఉంటే నూటికి తొంభై పాళ్ళు అది చేతికర్రదో గొడుగుదో.

తర్వాత వెనక్కి తిప్పండి. పదమూడు నుంచి పదిహేనో శతాబ్దం వరకు చేసిన పొన్నులు ఎక్కువగా ఒకే రేకును కత్తిరించి మడిచినవి. రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. వెనకవైపు అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కిన గీత, లేదా మాటు వేసి కలిపిన గీత వేలిగోటికి తగులుతుంది. నోటి దగ్గర ఒకటో రెండో రివెట్ రంధ్రాలు ఉంటాయి. కొన్నింటికి కొనలో చిన్న మొగ్గలాంటి బొడిపె, కొన్నింటికి నోటి అంచున ఆకులా కోసిన నగిషీ. బాకు పొన్ను రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల పొడవు, కత్తిది ఇంకొంచెం పెద్దది. పదకొండు, పన్నెండో శతాబ్దాలవి కొన్ని రేకు కాకుండా పోత పోసినవి. వాటిలో జంతువులు, లతలు జాలీలా తొలిచి ఉంటాయి. అలాంటిది దొరికితే మీ అదృష్టం, ఆ రోజుకు ఇంటికి వెళ్ళిపోవచ్చు.

పొరపాటు పడే వస్తువులు నాలుగు. గొడుగు పొన్నుకు వెనక గీత ఉండదు, యంత్రం మీద గుంజిన గొట్టం అది. లేసు కొనలు రెండు మూడు మిల్లీమీటర్ల లావే ఉంటాయి, బాకు మొన అందులో పట్టదు. బెల్టు కొన చదునుగా రెండు రేకుల మధ్య తోలు పట్టేలా ఉంటుంది, పక్కలు మూసి ఉండవు. బాయొనెట్ (తుపాకీ కొనకు తగిలించే కత్తి) ఒర పొన్ను మందపాటి ఇత్తడి, దాని మీద నంబరో బాణం గుర్తో కొట్టి ఉంటే పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల సైన్యానిది.

పొన్ను లోపల బురద కూరుకుపోయి ఉంటే దాన్ని సూదితో తీయకండి. ఇది నేను బతిమాలి చెప్పే మాట. ఒర అంటే రెండు పలచటి చెక్క పలకల మీద తోలు చుట్టింది. ఆ చెక్క, తోలు నూలుపోగంత మిగిలినా లోపలే ఉంటాయి. చెక్క ఏ చెట్టుదో, తోలు ఏ జంతువుదో చెప్పగలవాళ్ళు మ్యూజియంలో ఉన్నారు. మన సూది దాన్ని పది సెకన్లలో పొడి చేస్తుంది.

పిడి గుబ్బలు

కత్తి గుబ్బ నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్లు ఉంటుంది, చేతిలో పెట్టుకుంటే ఆ సైజుకు మించిన బరువు తెలుస్తుంది. చాలావరకు ఇనుముదే. ఒడ్డు మీద అది గుబ్బలా కనిపించదు, ఇసుక, రాళ్ళు అంటుకున్న ఎర్రటి ముద్దలా కనిపిస్తుంది. కొట్టి చూడాలనిపిస్తుంది. కొట్టకండి, ఎక్స్‌రే తీస్తే లోపలి ఆకారం తెలుస్తుంది.

ఆకారం బట్టి కాలం కొంత తెలుస్తుంది. వైకింగుల కాలానివి మూడు లేక ఐదు ఉబ్బెత్తులతో, రెండు ముక్కలు కలిపి రివెట్ వేసినట్టు ఉంటాయి. పదకొండు, పన్నెండో శతాబ్దాలవి బాదంగింజను అడ్డంగా పెట్టినట్టు ఉంటాయి. ఆ తర్వాత గుండ్రటి బిళ్ళ, రెండు వైపులా మధ్యలో ఉబ్బిన చక్రం వస్తాయి. ఆ చక్రం రకం చాలాకాలం నడిచింది. పద్నాలుగో శతాబ్దం చివరికి సీసా బిరడాలా, బేరిపండులా పొడుగైనవి కనిపిస్తాయి.

ఆకారం కన్నా రంధ్రాన్ని నమ్మండి. కత్తి తోక దీర్ఘచతురస్రంలా ఉంటుంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకే గుబ్బ రంధ్రం కింద పెద్దది, పైన చిన్నది. పైన తోక కొనను సుత్తితో కొట్టి పరిచిన గుర్తు మిగిలి ఉండొచ్చు. రంధ్రం గుండ్రంగా, రెండు వైపులా ఒకేలా ఉంటే అది నూలు వడికే కదురు బిళ్ళో, వల గుండో. రంధ్రం లోపల మరలు ఉంటే మంచం కోళ్ళ గుబ్బ, కర్టెన్ రాడ్ గుబ్బ లాంటి కొత్త సామాను. రంధ్రమే లేకుండా సీసం నింపిన కంచు గుండుకు పైన కొక్కెం విరిగిన గుర్తు ఉంటే అది తూనిక గుండు కావచ్చు. అదీ మధ్యయుగపుదే కావచ్చు, పక్కన పెట్టండి.

బాకు ముక్కలు, అడ్డకమ్మీలు

రాండెల్ బాకుకు పిడి రెండు చివరలా గుండ్రటి బిళ్ళలు ఉంటాయి. మధ్యలో సన్నటి చీలిక ఉన్న బిళ్ళ దొరికితే గుర్తుచేసుకోండి, ఇవి పద్నాలుగు, పదిహేనో శతాబ్దాలవి. ఇంకో రకం బాకుకు పిడి అడుగున జంట ఉబ్బులు ఉంటాయి. విక్టోరియా కాలపు పండితులు దాని అసలు పేరు (బాలక్ డాగర్, అంటే వృషణాల బాకు) పలకడానికి సిగ్గుపడి మూత్రపిండాల బాకు అన్నారు. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో ఇవి చాలా దొరికాయి. వాటి కొయ్య పిడికీ అలుగుకూ మధ్య నెలవంక ఆకారంలో ఒక పలచటి రేకు ఉండేది. అది ఒక్కటే దొరికితే ఎవరికీ అర్థం కాదు. మధ్యలో చీలిక ఉన్న నెలవంక రేకు అని గుర్తుంచుకుంటే చాలు.

ఇనుప అడ్డకమ్మి విషయంలో పడవ సామానుతో చాలా గందరగోళం వస్తుంది. మధ్యలో అలుగు దూరే చీలిక ఉందా లేదా అన్నదే పరీక్ష.

నకిలీలు

ఇదే 1857 ప్రాంతంలో విలియం స్మిత్, చార్లెస్ ఈటన్ అనే ఇద్దరు ఒడ్డున వెతికి బతికేవాళ్ళు, షాడ్‌వెల్ రేవు తవ్వకాల్లో దొరికాయని చెప్పి మధ్యయుగపు వస్తువులను తామే పోత పోసి అమ్మడం మొదలుపెట్టారు. వేలకొద్దీ చేశారు. ఇద్దరికీ చదువు రాదు, అందుకే వాటి మీది అక్షరాలకు అర్థం ఉండదు. పైగా యూరప్ జనం ఇంకా రోమన్ అంకెలే రాస్తున్న కాలపు తేదీలను ఇప్పటి అంకెల్లో వేశారు. సీసం ముక్క మీద అలాంటి రాత కనిపిస్తే వీళ్ళు గుర్తుకు రావాలి. ఇప్పుడు ఆ నకిలీలను కూడా మ్యూజియంలు దాచుకుంటున్నాయి, కాబట్టి వాటినీ చూపించండి.

ఎత్తే ముందు చేయాల్సినవి

ముక్క నేల మీద ఉండగానే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. వెనక గట్టు, వంతెన కనిపించేలా ఇంకొకటి. ఫోన్‌లో నేషనల్ గ్రిడ్ రిఫరెన్స్ (బ్రిటన్ మ్యాపుల్లో చోటును చెప్పే అక్షరాలు, అంకెలు) చూపించే యాప్ పెట్టుకుని 8 అంకెల రిఫరెన్స్ రాసుకోండి. అంటే పది మీటర్ల లోపు చోటు తెలుస్తుంది. చోటు తెలియని పొన్ను అందమైన రేకు మాత్రమే. చోటు తెలిసిన పొన్ను ఆ రేవులో ఎవరు ఏం చేశారో చెప్పే సాక్ష్యం.

అలుగుతో సహా దొరికితే, ముఖ్యంగా కొత్తదిగా కనిపిస్తే, ముట్టుకోకండి. నేరానికి వాడి నదిలో విసిరిన కత్తి కావచ్చు, 101కి ఫోన్ చేసి పోలీసులకు చెప్పండి. రెండో ప్రపంచయుద్ధపు బాంబు, షెల్ లాంటిది కనిపిస్తే దూరం జరిగి 999.

ఇంటికి తెచ్చాక

ఇనుము, తోలు, కొయ్య ఏది ఉన్నా తడిగానే ఉంచండి. డబ్బాలో నీళ్ళు పోసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, వీలైనంత త్వరగా నిపుణులను సంప్రదించండి. నాకు మొదటి ఏడాది చిన్న ఇనుప అడ్డకమ్మి ఒకటి దొరికింది. మంచిదనుకుని హీటర్ పక్కన ఆరబెట్టాను. మూడు వారాల్లో పొరలు పొరలుగా ఊడి, నెల తిరిగేసరికి గోధుమరంగు పొడి మిగిలింది. ఐదారు వందల ఏళ్ళు నది దాచింది నా ఇంట్లో నెల కూడా నిలవలేదు. ఆ బాధ మీకు వద్దు.

రాగి, ఇత్తడి, కంచు ముక్కలైతే మామూలు నీళ్ళలో మెత్తటి బ్రష్‌తో పైబురద మాత్రం పోగొట్టి, నీడలో మెల్లగా ఆరనివ్వండి. చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, ఇత్తడి తోమే పొడి, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. మన ఇళ్ళలో పండగ ముందు కుందులు తళతళలాడించే అలవాటు ఇక్కడ పనికిరాదు. పైపొర పోతే దానితోపాటు బంగారు పూత, సన్నటి గీతలు, పనిముట్టు గుర్తులు పోతాయి. ఆరాక సిలికా జెల్ ప్యాకెట్ వేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

చెప్పాల్సిన వాళ్ళకు చెప్పండి

మూడువందల ఏళ్ళు దాటిన వస్తువు ఏదైనా లండన్ మ్యూజియంలోని ఫైండ్స్ లయజన్ ఆఫీసర్‌కు, అంటే జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారికి చూపించాలి. పర్మిట్ షరతుల్లో ఇదొకటి. ముందు ఈమెయిల్‌లో ఫొటోలు పంపి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ముందు, వెనక, పక్క, నోరు, రంధ్రం ఒక్కొక్కటి విడిగా ఫొటో తీయండి. కొలత, బరువు రాయండి. మీ ఊహ రాయండి కానీ అది ఊహ అని చెప్పండి. ముక్క బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ డేటాబేస్‌లో నమోదవుతుంది. ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. మీ పొన్నులాంటివే అందులో చూసి పోల్చుకోవడం అన్నింటికన్నా మంచి చదువు.

లోహంలో పదో వంతు బంగారమో వెండో ఉంటే 1996 నాటి ట్రెజర్ చట్టం కిందికి రావచ్చు. 2023 జూలై నుంచి రెండువందల ఏళ్ళు దాటిన, అసాధారణ ప్రాముఖ్యం ఉన్న మామూలు లోహపు వస్తువులు కూడా అందులోకి వచ్చాయి. అలాంటిదని అనిపించిన 14 రోజుల్లోపు కరోనర్‌కు (ఇలాంటి వాటిపై విచారణ జరిపే స్థానిక అధికారి) తెలియజేయాలి. టెన్షన్ పడకండి, లయజన్ ఆఫీసరే దారి చూపిస్తారు.

చదువు అయిపోయి హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో వేసుకుని పోదామనుకుంటారేమో. బ్రిటన్ నేలలో యాభై ఏళ్ళకు పైగా ఉండి బయటపడిన పురావస్తువుకు, దాని విలువ ఎంత తక్కువైనా, దేశం దాటించడానికి ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ కావాలి. తీసుకెళ్ళాలనుకుంటే కొన్ని నెలల ముందే దరఖాస్తు చేయండి. లేదా మ్యూజియంవాళ్ళను తీసుకుంటారేమో అడగండి.

నమోదు నంబరు వచ్చాక చిన్న కాగితం మీద ఆ నంబరు, దొరికిన తేదీ, గ్రిడ్ రిఫరెన్స్ రాసి ముక్కతోపాటు డబ్బాలో పెట్టండి. పెన్నుతో కాదు, పెన్సిల్‌తో రాయండి. తేమ తగిలితే సిరా పోతుంది, పెన్సిల్ గీత పోదు.